అమావాస్య లెక్క: తాత పిస్తోలు, దాని నోటు పుస్తకం

 ఈసారి రాసే వంతు నాది. నేను ఒకటి నుంచి పది దాకా కన్నడ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నాను, అదీ కన్నడ అక్షరం మీది అడ్డగీత తీసేసి తలకట్టు పెట్టుకుంటూ. వాక్యం ఎక్కడైనా కన్నడం వైపు వాలితే సర్దుకుని చదవండి.

సంగతి మీ అందరికీ తెలిసిందే. చిన్నాయన లైసెన్సు వచ్చే మార్చిలో రెన్యూవల్‌కు వస్తుంది. ఆయనకు 75 ఏండ్లు. "నా చేయి వణుకుతా ఉంది, మీలో ఎవరైనా పేరు మార్పించుకోండి, లేదంటే సర్కారుకు అప్పజెప్పేస్తా" అని వాట్సాప్ గుంపులో పెట్టినాడు. వెంటనే జవాబులు మొదలైనాయి. "రజాకార్లను కాల్చిన పిస్తోలు, అట్లా ఎట్లా ఇచ్చేస్తాం?" అని ఒకరు. "తాత ఏటి ఒడ్డున నిలబడి ముగ్గురిని కొట్టినాడంట" అని ఇంకొకరు. నేను చిన్నప్పుడు విన్నప్పుడు ఇద్దరే. ఇప్పుడు ముగ్గురైనారు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరన్నా "అది పనిచేస్తుంది" అంటే "లాగ్ చూపించండి" అనడమే నా పని. తాత పిస్తోలుకు కూడా ఒక లాగ్ ఉంది. చిన్నాయన ఇంట్లో బీరువా పై అరలో, పిస్తోలు పెట్టె పక్కనే, అట్ట ఊడిపోయిన రూళ్ళ నోటు పుస్తకం. మనమంతా దాన్ని జిన్నింగ్ మిల్లు లెక్కల పుస్తకం అనుకుంటిమి. అది తుపాకీ తుడిచిన పుస్తకం. 1948 నుంచి 1987 దాకా ప్రతి అమావాస్యకూ ఒక వరుస.

ముందు పిస్తోలు గురించి

తాత పిస్తోలు బెల్జియంలో చేసింది. అరచేతిలో పట్టేంత చిన్నది. ఎఫ్.ఎన్. కంపెనీ 1906 మోడలు, .25 బోరు, అంటే 6.35 మిల్లీమీటర్లు. పొడుగు పదకొండున్నర సెంటీమీటర్లు. మ్యాగజైన్‌లో ఆరు తూటాలు పడతాయి. దీన్ని కనిపెట్టినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్, 1855లో అమెరికాలోని యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊర్లో పుట్టినాడు. తండ్రి కూడా తుపాకులు బాగుచేసేవాడే. బెల్జియంలో లియేజ్ ఊరి దగ్గర ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీ 1889లో మొదలైంది, బెల్జియం సైన్యానికి మౌజర్ రైఫిళ్ళు చేయడానికి. 1897లో వాళ్ళకు బ్రౌనింగ్ పరిచయమైనాడు. అప్పటి నుంచి యూరప్‌లో "బ్రౌనింగ్" అంటే చిన్న పిస్తోలుకే పేరు పడిపోయింది. 1926లో ఆయన ప్రాణం పోయింది కూడా ఆ ఫ్యాక్టరీలోనే.

రివాల్వర్‌కూ దీనికీ తేడా చెప్పాలి, ఎందుకంటే తుడిచే పని అంతా ఆ తేడాలోనే ఉంది. రివాల్వర్‌లో తూటాల చక్రాన్ని తిప్పేది మన వేలి బలం. లోపల కొంచెం మురికి ఉన్నా, వేలు గట్టిగా నొక్కితే చక్రం తిరుగుతుంది. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో ఆ పని చేసేది పేలిన తూటా వెనక్కి తన్నే బలం. ఆ తన్నుకు పైనున్న స్లైడు వెనక్కి పోతుంది, ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది, తోసేటప్పుడు మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక తూటా, మళ్ళీ నొక్కితే ఇంకొకటి. చిన్న తూటాకు తన్ను కూడా చిన్నదే. లోపల జిడ్డు గట్టిపడినా, దూది చిక్కుకున్నా స్లైడు సగంలో నిలిచిపోతుంది. తాత పని చేసింది జిన్నింగ్ మిల్లులో. గాలిలో దూది, కింద రేగడి దుమ్ము. నెలనెలా తుడవకపోతే ఈ పిస్తోలు ఇనుప ముక్కే.

మన దేశం కథలో కూడా బ్రౌనింగ్ పిస్తోళ్ళు ఉన్నాయి. ఆయన డిజైన్లను అమెరికాలో కోల్ట్ కంపెనీ చేసేది. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నది .32 బోరు కోల్ట్. ఇప్పటికీ అలహాబాదు మ్యూజియంలో ఉంది. భగత్‌సింగ్ కోల్ట్ సంగతి చివర్లో చెప్తాను, దానికీ మన పిస్తోలుకూ ఒక పోలిక ఉంది.

తాతకు ఇది ఎందుకు అవసరమైంది

1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోకూడదు. మొదట్లో యూరోపియన్లకు ఆ బాధ లేదు, బాధంతా మనవాళ్ళకే. మన కర్ణాటకలోనే కొడగు కొడవలకు మాత్రం మినహాయింపు, అది ఈనాటికీ నడుస్తా ఉంది. కైల్‌పోళ్దు పండగకు వాళ్ళు తుపాకులను తుడిచి పూలు పెట్టి పూజ చేస్తారు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం పెట్టుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలని రాసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చినాక రాజ్యాంగంలో అది చేరలేదు. 1878 చట్టం 1962 దాకా అట్లనే నడిచింది. 1959లో చేసిన కొత్త చట్టం అమలుకు వచ్చింది 1962 అక్టోబర్ 1న.

మన ఊరు సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర కుడి ఒడ్డున. 1948లో మనం మద్రాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా. ఏటికి ఆవల రాయచూరు జిల్లా, నిజాం రాజ్యం. ఎండాకాలంలో ఏరు నడిచి దాటేంత నీళ్ళే. ఆవల రజాకార్ల గొడవలు, ఈవల భయం. ఏరు దాటి వచ్చిన కుటుంబాలు మన ఊర్లలో చెట్ల కింద, సత్రాల్లో తలదాచుకున్నాయి. తాత పత్తి డబ్బు తీసుకుని ఆదోనికి పోయి వచ్చేవాడు. ఆ భయంలో కలెక్టరుకు అర్జీ పెట్టినాడు, లైసెన్సు వచ్చింది. 1948 మార్చిలో మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక లైసెన్సు షాపులో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాడు. పుస్తకం మొదటి పుటలో ఉన్న వరుస ఇది: పిస్తోలు ఒకటి, నంబరు, తూటాలు 25.

ఆ 25ను గుర్తు పెట్టుకోండి.

పుస్తకంలో ఉన్న పద్ధతి

రెండో పుటలో తుడిచే పద్ధతి ఉంది. షాపువాడు చెప్పినది తాత రాసుకున్నాడు. ఎనిమిది అంకెలు, ఒక్కొక్కటి ఒకటిన్నర వరుస. నేను నా మాటల్లో చెప్తాను, పక్కన కారణం కూడా. ఆ కారణాలు తాత రాయలేదు, నేను చదివి తెలుసుకున్నవి.

మొదటిది, మూతి గోడవైపు పెట్టి మ్యాగజైన్ తీయాలి. రెండోది, స్లైడును రెండుసార్లు పూర్తిగా వెనక్కి లాగి, గొట్టం వెనక గదిలోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. ఈ రెండింటి వరుస మారకూడదని తాత పక్కన బాణం గుర్తు వేసినాడు. నా ఉద్యోగంలో ఇట్లాంటివి రోజూ చూస్తాను, మెట్లు రెండూ సరైనవే, వరుస తప్పితే ప్రమాదం. ముందు స్లైడు లాగినామంటే గదిలోని తూటా బయటికి వస్తుంది, కానీ మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది కాబట్టి స్లైడు తిరిగి వస్తూ ఇంకో తూటాను ఎక్కిస్తుంది. తరువాత మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకుంటాం. ఖాళీ కాదు. తుడిచేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం "ఖాళీ అనుకున్న" తుపాకీతోనే.

మూడోది, తూటాలు లెక్కపెట్టి, వేరే గదిలో పెట్టి రావాలి. లెక్క పుస్తకంలో రాయాలి. మనకు ఇంత చరిత్ర మిగిలింది ఈ మూడో మెట్టు వల్లనే.

నాలుగోది, పెద్ద ఇత్తడి తాంబాళంలో పాత పంచె పరిచి దాని మీద విప్పాలి. ఈ మోడలును విప్పడానికి స్క్రూడ్రైవర్ అక్కర లేదు. స్లైడును కొంచెం వెనక్కి లాగి పట్టుకుని, గొట్టాన్ని తిప్పితే దాని కింది పళ్ళు చట్రంలోని గాడుల నుంచి విడిపడతాయి. అప్పుడు స్లైడూ గొట్టమూ కలిసి ముందుకు జారి వచ్చేస్తాయి. లోపలి స్ప్రింగులు సన్నవి, ఎగిరిపడితే దొరకవు. తాంబాళం అందుకే. ఒకసారి స్ప్రింగు పోయి చిన్నాయన, నాయన ఇద్దరూ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఇల్లంతా ఊడ్చినారంట.

ఐదోది, గొట్టాన్ని వెనక నుంచి మూతి వైపు తుడవాలి, మూతి నుంచి వెనక్కి కాదు. ఇత్తడి కడ్డీకి పాత పంచె గుడ్డ ముక్క చుట్టి తోయాలి. ఇనుప కడ్డీ వద్దు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, గుండు గిర్రున తిరుగుతూ నేరుగా పోయేది వాటి వల్లనే. మూతి అంచు గీసుకుపోతే గుండు దారి తప్పుతుంది. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన, గీతలు పడవు.

ఆరోది, మూలల్లోని జిడ్డుకు కిరసనాయిలు, నమిలిన వేపపుల్ల. కిరసనాయిలు పాత జిడ్డును బాగా కరిగిస్తుంది కానీ తరువాత ఆరిపోతుంది, ఉక్కు మీద కాపుగా ఏమీ మిగలదు. అందుకని దాన్ని పూర్తిగా తుడిచేయాలి.

ఏడోది, కుట్టుమిషన్ నూనె. స్లైడు జారే గాడుల్లో రెండు వైపులా ఒక్కొక్క చుక్క, గొట్టం బయట ఒక చుక్క, మిగతాదంతా నూనె అంటిన గుడ్డతో తుడిస్తే చాలు. కొబ్బరినూనె, శెనగనూనె వద్దని రాసి ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన బళ్ళారి ఎండే తెలిసినవాళ్ళకు ఇది నవ్వులాట, కానీ పుష్యమాసం తెల్లవారుజామున చూడండి. శెనగనూనె నాలుగు నెలలకే జిగురైపోతుంది. నూనె ఎక్కువైనా తప్పే, దూదినీ దుమ్మునూ పట్టి లోపల ముద్ద చేస్తుంది.

ఎనిమిదోది, మళ్ళీ కూర్చి, వేలి ముద్రలు తుడిచి, పొడి గుడ్డలో చుట్టి టేకు పెట్టెలో పెట్టాలి. తోలు సంచిలో పెట్టి ఉంచకూడదు. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, తోలు పదును చేసేటప్పుడు వాడిన ఉప్పులూ అందులో ఉంటాయి. పిస్తోలుకు తుప్పు, తూటాల ఇత్తడికి పచ్చ చిలుము. చెమట చేయి కూడా ఉప్పే.

పుటకు అడుగున, వేరే చేతి రాతలో, ఇంకొక వరుస ఉంది: మహర్నవమికి కుంకుమ పెట్టెకు పెట్టవలెను, పిస్తోలుకు కాదు. ఆ రాత అవ్వది. ఆయుధ పూజకు మొదటి ఏడు పసుపు కుంకుమ తడిపి పిస్తోలుకే పెట్టినారంట. పొడి స్లైడు సందులోకి పోయింది, తడికి బొట్టంత తుప్పు మచ్చ పడింది. ఆ మచ్చ ఇప్పటికీ కుడివైపు ఉంది, పోయి చూడవచ్చు.

లెక్క ఏమి చెప్తుంది

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాదు మీద పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. తాత ఏటి ఒడ్డున కాల్చినాడు అన్న కథ ఆ నెలలదే. సర్వధారి సంవత్సరం శ్రావణ అమావాస్య సెప్టెంబర్ 3. ఆ రోజు లెక్క, 25. భాద్రపద అమావాస్య అక్టోబర్ 2. ఆ రోజు లెక్క, 25. ముందు నెలలూ 25, తరువాత నెలలూ 25. 1951 దాకా ఒక్క తూటా తగ్గలేదు.

పుస్తకంలో ఇంకొక సాక్ష్యం ఉంది. ఆ కాలపు తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలినాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, ఇంచుమించు మన వంట ఉప్పుకు తమ్ముడు. గాలిలోని తేమను లాగి రెండు మూడు రోజుల్లో గొట్టాన్ని తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. నూనె పూస్తే ఉప్పు మీద నూనె, నూనె కింద తుప్పు. అందుకే కాల్చిన రోజే గొట్టంలో మరిగే నీళ్ళు పోసి, వేడికి అది ఆరినాక నూనె పెట్టాలి. బ్రిటిష్ సిపాయిలు రైఫిళ్ళకు చేసింది ఇదే. తుప్పు పట్టించని మందు 1920ల చివర జర్మనీలో వచ్చింది గాని, పాత రకం తూటాలు ఆ తరువాత కూడా చాలా ఏండ్లు వాడుకలో ఉండినాయి. తాతకు షాపువాడు ఈ మాట చెప్పే పంపినాడు. పుస్తకంలో "వేడినీళ్ళు పోసినది" అన్న మాట మొత్తం 39 ఏండ్లలో ఒక్కసారే ఉంది, 1951 దీపావళి మరునాడు.

అంటే 1948లో పిస్తోలు కాల్చలేదు. తూటాలు వేరే చోట కొని లెక్క సరిచేసి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగినాను. తూటాలు కొంటే షాపువాడు లైసెన్సులో రాస్తాడు. పాత లైసెన్సు కాగితాలు చిన్నాయన దగ్గర ఉన్నాయి, రెండో కొనుగోలు 1954లో. లెక్క అతుకుతుంది.

మరి తాత ఆ నెలల్లో ఏమి చేసినాడు? పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి చదవండి. అక్కడ గోడౌన్ లెక్క ఉంది. మిల్లు గోడౌన్‌లో ఏటి ఆవల నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చిన జొన్నలు, ఉప్పు, కిరసనాయిలు. పేర్లు లేవు, తలకాయల లెక్కే. జూలై, ఆగస్టు నెలల్లో వచ్చినవాళ్ళ కింద సెప్టెంబర్ చివర్లో "ఊర్లకు పోయినారు" అని గీత. దాని కింద అక్టోబర్‌లో కొత్త లెక్క మొదలవుతుంది: సాయిబులు, 14 మంది, ఆడవాళ్ళు పిల్లలతో సహా. ఆ లెక్క జనవరి దాకా ఉంది.

పోలీసు చర్య తరువాత నిజాం రాజ్యం లోపల ముస్లిముల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు రాసింది. అది చాలా దశాబ్దాలు బయటికి రాలేదు. ముందు రజాకార్లకు భయపడి వచ్చినవాళ్ళకూ, తరువాత రజాకార్ల పేరు చెప్పి కొట్టేవాళ్ళకు భయపడి వచ్చినవాళ్ళకూ మన గోడౌన్ ఒక్కటే. ఈ రెండో లెక్క గురించి మన ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడగా నేను వినలేదు. ముగ్గురిని కొట్టిన కథ మాత్రం వంద సార్లు విన్నాను.

1951: రెండు పేలినవి, ఒకటి పేలలేదు

ఖర నామ సంవత్సరం దీపావళి మరునాడు తాత చెరువు కట్ట దగ్గరికి పోయి మట్టి గట్టులోకి మూడు తూటాలు కాల్చి చూసినాడు. ఊర్లో టపాకాయల చప్పుడు ఇంకా ఆగలేదు, ఎవరూ పట్టించుకోరని. రెండు పేలినాయి. ఒకటి పేలలేదు. ట్రిగ్గరు నొక్కినాక చప్పుడు రాకపోతే వెంటనే స్లైడు లాగకూడదు, కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది. తాత మూతిని గట్టువైపే పట్టుకుని వంద అంకెలు లెక్కపెట్టి అప్పుడు తీసినాడని అవ్వ చెప్పేది.

ఎందుకు పేలలేదు? మూడేండ్లుగా ప్రతి అమావాస్యకూ అవ్వ తూటాలకు కూడా నూనె గుడ్డ పెట్టి తుడిచేది, చిలుము పట్టకూడదని. సన్నని నూనె తూటా అడుగున ఉన్న సందులో నుంచి లోపలికి దిగి మందును చంపేస్తుంది. ఆ నెల వరుసలో తాత రాత: తూటాలకు నూనె వద్దు, పొడి గుడ్డ. కింద రెండు గీతలు. పక్కన లెక్క 22.

1948లో నిజంగా అవసరం పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. తాత కూడా ఆ రోజు కట్ట మీద అదే ఆలోచించి ఉంటాడని నా అనుమానం. అవ్వను ఒక మాట అనలేదంట. "అన్నా బాగుండేది" అని అవ్వ నాతో అనింది.

సరిహద్దు మారినప్పుడు

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మన సిరుగుప్పతో సహా మిగతావి మైసూరుకు. తాత లైసెన్సు మీద "మద్రాసు రాష్ట్రం" అని ఉండేది. రాత్రికి రాత్రి ఆదోని వేరే రాష్ట్రమైంది. లైసెన్సు ఏ ప్రాంతానికి ఇస్తే ఆ ప్రాంతంలోనే తుపాకీ పట్టుకుని తిరగాలి. పిస్తోలు దేనికోసం కొన్నాడో ఆ ఆదోని దారిలోనే దాన్ని తీసుకుపోయే వీలు పోయింది. చిన్నాయన ఇప్పటికీ నవ్వుతూ అంటాడు, "పత్తి సరిహద్దు దాటింది, మీ తాత దాటినాడు, పిస్తోలు మాత్రం కన్నడిగ అయిపోయింది" అని.

లైసెన్సు కాగితాల మీద మద్రాసు ముద్ర, తరువాత మైసూరు ముద్ర, 1973 తరువాత కర్ణాటక ముద్ర. గుమాస్తాల రాత ఇంగ్లీషు నుంచి కన్నడానికి మారింది. తుడుపు పుస్తకం మాత్రం చివరి దాకా తెలుగే. 1970ల నుంచి అందులో తాత రాత తగ్గి అవ్వ రాత పెరుగుతుంది. కంటి చూపు మందగించినాక తాత ఎదురుగా కూర్చుని చెప్పేవాడు, అవ్వ చేసేది. నాకు గుర్తున్న అవ్వ అంటే పప్పులో రాళ్ళు ఏరుతున్న అవ్వ. ఆ చేతులే తాంబాళంలో ఈ స్ప్రింగులు కూర్చినాయని పుస్తకం చదివేదాకా నాకు తెలియదు.

నాలుగేండ్ల తుప్పు

తాత 1991లో పోయినాడు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఠాణాలో గాని లైసెన్సు డీలరు దగ్గర గాని జమ చేయాలి, వారసుడు కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. నాయన ఒక ఠాణాలో జమ చేసినాడు. ఇచ్చేటప్పుడు పిస్తోలు తుడిచి, నూనె పెట్టి, గుడ్డలో చుట్టి ఇచ్చినారు. చిన్నాయన పేరు మీద లైసెన్సు రావడానికి నాలుగేండ్లు పట్టింది. 1995లో చేతికొచ్చినప్పుడు అది గోనెసంచి ముక్కలో ఉంది. గుడ్డ లేదు. వానాకాలం గోడకు చెమ్మ దిగే గది. ఎడమవైపు నల్లని మెరుగు పోయి ఉక్కు మీద గుంటలు పడినాయి.

ఆ నల్ల మెరుగు గురించి ఒక మాట. అది రంగు కాదు, అది కూడా ఇనుము తుప్పులో ఒక రకమే. పాతకాలం మంచి తుపాకులకు కావాలనే సన్నగా ఎర్ర తుప్పు పట్టించి, నీళ్ళలో మరగబెట్టి, అది నల్లగా మారినాక రుద్ది, మళ్ళీ మళ్ళీ అదే చేసేవారు. ఆ నల్ల పొర నూనెను పట్టుకుని ఎర్ర తుప్పును ఆపుతుంది. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు కాపు కూడా పోతుంది. చిన్నాయన తెలియక కొంచెం రుద్దినాడు. అవ్వ చూసి ఆపింది. తరువాత ఆమె చేసిందల్లా నూనె నానబెట్టి, రాగి పైసా అంచుతో మెల్లగా గీకడమే. రాగి ఉక్కును గీయదు.

భగత్‌సింగ్ పిస్తోలు సంగతి ఇక్కడ చెప్పాలి. 1928 డిసెంబర్ 17న లాహోరులో సాండర్స్‌ను కాల్చిన కేసులో దొరికిన .32 కోల్ట్ ఎక్కడుందో చాలా ఏండ్లు ఎవరికీ తెలియదు. ఇండోరులో సరిహద్దు భద్రతా దళం వాళ్ళ ఆయుధాల మ్యూజియంలో, మామూలు పాత పిస్తోళ్ళ మధ్య ఉండింది. తుప్పు పట్టకుండా పాత ఆయుధాలకు నల్ల రంగు పూసి ఉంచినారు. ఆ రంగు గీకి చూస్తే నంబరు కనబడింది, కోర్టు కాగితాల్లోని నంబరుతో సరిపోయింది. ఆ ఇనుము ఎవరిదో చెప్పింది పాత కాగితంలోని ఒక నంబరు. కాగితం పోయి ఉంటే ఆ పిస్తోలు పదిలో ఒకటి.

ఇప్పుడు ఏమి చేయాలి

నా అభిప్రాయం చెప్తాను, నిర్ణయం అందరిది. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్సు ఐదేండ్లకు ఇస్తారు. మన ఇంట్లో ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. కానీ పెట్టుకునేవాళ్ళు ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని ఠాణాలో జమ చేసి తెచ్చుకోవాలి. తాళం వేసిన చోట పెట్టాలి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రతి నెలా విప్పి తుడవాలి. బెంగుళూరులో రెండు బెడ్రూముల ఇంట్లో ఉండి నేను ఆ పని చేయగలనని ప్రమాణం చేయలేను. ఎవరైనా అమావాస్య తప్పకుండా చేస్తానంటే, పేరు చెప్పండి, పద్ధతి నేను నేర్పిస్తాను. ఎవరూ ముందుకు రాకపోతే మార్చిలోపు చిన్నాయనతో కలిసి పోయి చట్టప్రకారం అప్పజెప్పుదాం. "తాత రజాకార్లను కొట్టిన పిస్తోలు" అనే కారణంతో మాత్రం ఎవరూ తీసుకోవద్దు, ఎందుకంటే అది జరగలేదు.

పుస్తకాన్ని అప్పజెప్పవలసిన పని లేదు. దాని 212 పుటలూ ఫోటో తీసినాను. వెనక గోడౌన్ లెక్క ఉన్న పుటల్లో సిరా బాగా వెలిసింది. ఆ 14 మంది ఎవరో, జనవరి తరువాత ఏటి ఆవలికి పోయినారా, ఇక్కడే ఉండిపోయినారా, నాకు తెలియదు. సిరుగుప్ప అత్తకు గాని, మానవి వైపు ఉన్న మన బంధువులకు గాని పెద్దవాళ్ళు చెప్పిన మాట ఏదైనా గుర్తుంటే, చిన్నదైనా సరే, నాకు ఫోన్ చేయండి. రాసుకుంటాను. కన్నడంలో చెప్పినా సరే.